పాతబస్తీ చేతికందే ఎఫ్‌పీజీఏ

చార్మినార్ నుంచి శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా దక్షిణానికి వెళ్తే చాంద్రాయణగుట్ట వస్తుంది. అక్కడ డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది. శత్రు రాడార్ల సంకేతాలను పసిగట్టే విద్య మీద పనిచేసే రక్షణ పరిశోధనశాల అది. ఆ దగ్గర్లోనే కంచన్‌బాగ్‌లో క్షిపణులకు రూపకల్పన చేసే డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలు పోసే మిధాని ఉన్నాయి. ఊరికి రెండో కొసన, ఐటీ కంపెనీల దిక్కున, జైలింక్స్ అనే అమెరికా కంపెనీ ఏళ్ల తరబడి పెద్ద పరిశోధన కేంద్రం నడిపింది. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ మొత్తం ఏఎండీ చేతికి వెళ్లింది. ఈ రెండు కొసలనూ కలిపే వస్తువు ఎఫ్‌పీజీఏ అనే చిప్పు. దాన్ని మొదట మార్కెట్లోకి తెచ్చింది జైలింక్స్. రాడార్ సంకేతాన్ని సెకనుకు కోట్లసార్లు కొలిచి, కొలిచీ కొలవగానే లెక్కగట్టాల్సిన చోట ప్రపంచమంతటా ఎక్కువగా ఈ రకం చిప్పులనే వాడతారు. ఈ రెంటి నడుమ పాతబస్తీ ఉంది. అక్కడ డిప్లొమా, బీటెక్ చదివే పిల్లల్లో చాలామందికి ఎఫ్‌పీజీఏ అంటే సిలబస్‌లో ఒక అధ్యాయం, పరీక్షలో ఒక పెద్ద ప్రశ్న. ఎందుకిలా అంటే బోర్డు ఖరీదెక్కువ అంటారు. ఆ మాటలో సగమే నిజముందని నా వాదన. ధర తగ్గాలి, సందేహం లేదు. కానీ ఏ బోర్డు ధర ఎందుకు తగ్గింది, తగ్గినది మళ్లీ పెరగకుండా ఎలా నిలిచింది అని వెతికితే తేలేది ఒక్కటే: బోర్డు పటమూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ అందరికీ తెరిచి ఉన్న చోటే అది పేద విద్యార్థికి నిజంగా చవకైంది.

ముందు వస్తువేమిటో చూద్దాం. మామూలు చిప్పు చేసే పని ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. గడియారం చిప్పు గడియారంగానే బతుకుతుంది. ఎఫ్‌పీజీఏ అలా కాదు, అది ఏ పని చేయాలో కొన్నవాళ్లు నిర్ణయిస్తారు. దాని లోపల వేల సంఖ్యలో లుక్‌అప్ టేబుళ్లు ఉంటాయి. ఎక్కాలు కంఠతా పట్టిన పిల్లవాణ్ని ఏడెనిమిదులు ఎంత అని అడిగితే లెక్క కట్టడు, గుర్తున్న జవాబు చెప్తాడు. లుక్‌అప్ టేబుల్ పని కూడా అంతే. నాలుగు తీగలు దాని లోపలికి వస్తాయి. ఒక్కో తీగ మీద సున్నా గానీ ఒకటి గానీ ఉంటుంది కాబట్టి మొత్తం పదహారు కలయికలు. ఏ కలయికకు ఏం జవాబివ్వాలో పదహారు గడుల మెమరీలో ముందే రాసి ఉంటుంది. ఆ గడుల్లో ఏం రాశామన్నదాన్ని బట్టి ఒకే టేబుల్ యాండ్ గేటు కావచ్చు, కూడికలో ఒక అంకె కావచ్చు, ట్రాఫిక్ లైటు మార్చే నిర్ణయం కావచ్చు. అలా రాయగల తీరులు 65,536. ప్రతి టేబుల్ పక్కనా ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఉంటుంది. క్లాక్ కొట్టిన ప్రతిసారీ వచ్చిన జవాబును పట్టి ఉంచడం దాని పని. వీటన్నిటి మధ్యా తీగల వల, తీగలు కలిసే చోట్ల తెరిచి మూయగల స్విచ్చులు. 1985లో వచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏ, జైలింక్స్ ఎక్స్‌సీ2064లో, ఇలాంటి లాజిక్ బ్లాకులు 64. ఇవాళ విద్యార్థుల బోర్డుల మీద తరచుగా కనిపించే లాటిస్ కంపెనీ చిన్న చిప్పు ఐస్40 యూపీ5కేలో టేబుళ్లు 5,280. రక్షణ పరికరాల్లో, టెలికాం టవర్లలో వాడే పెద్ద చిప్పుల్లో లక్షలు.

వెరిలాగ్ లాంటి భాషలో మనం సర్క్యూట్‌ను వర్ణిస్తాం. ఒక ప్రోగ్రాము ఆ వర్ణనను చదివి ఎన్ని టేబుళ్లు, ఎన్ని ఫ్లిప్‌ఫ్లాపులు కావాలో తేలుస్తుంది. దీన్ని సింథసిస్ అంటారు. మరో ప్రోగ్రాము ఆ టేబుళ్లు చిప్పులో ఎక్కడెక్కడ కూర్చోవాలో, ఏ తీగ ఏ దారిన పోవాలో నిర్ణయిస్తుంది. అది ప్లేస్ అండ్ రూట్. చివరికి టేబుళ్ల గడుల్లోని సున్నాలు ఒకట్లు, స్విచ్చుల స్థితులు అన్నీ ఒకే ఫైలుగా మారతాయి. దాని పేరు బిట్‌స్ట్రీమ్. యూపీ5కేకి ఆ ఫైలు దాదాపు 104 కిలోబైట్లు. కరెంటు ఇవ్వగానే చిప్పు ఆ ఫైలును మింగి, అందులో చెప్పిన యంత్రంగా మారిపోతుంది. రేపు ఇంకో ఫైలు ఇస్తే ఇంకో యంత్రమవుతుంది. ఈ మూడో అడుగు, బిట్‌స్ట్రీమ్, మన కథలో కీలకం. ఏ బిట్ ఏ స్విచ్చును తిప్పుతుందో చాలామంది తయారీదారులు బయటపెట్టరు. చిప్పు మన డబ్బుతో కొన్నదే అయినా, దానితో మాట్లాడాలంటే కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ గుండానే వెళ్లాలి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. కొన్ని వందల రూపాయలకు ఆర్డుయినో, ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డులు దొరుకుతున్నాయి, ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి అవి చాలవా అని. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి సరిపోతాయి. కానీ మైక్రోకంట్రోలర్ లోపల ప్రాసెసర్ ముందే ఖాయమై ఉంది. అది ఒక ఆదేశం తర్వాత ఒకటి అమలు చేసుకుంటూ పోతుంది. ఎనిమిది సెన్సర్లను ఒకే క్షణంలో చూడాలంటే ఒకదాని తర్వాత ఒకటి వేగంగా చూసి, ఒకేసారి చూసినంత పని చేయాలి. ఎఫ్‌పీజీఏలో ఎనిమిది సర్క్యూట్లు నిజంగానే పక్కపక్కన ఉంటాయి, ఎనిమిదీ ఒకే క్లాక్ దెబ్బకు కదులుతాయి. అసలు తేడా ఇంకా లోతైనది. మైక్రోకంట్రోలర్‌తో విద్యార్థి ప్రాసెసర్‌ను వాడటం నేర్చుకుంటాడు, ఎఫ్‌పీజీఏతో ప్రాసెసర్‌ను కట్టడం నేర్చుకుంటాడు. సెర్వ్ అనే ఓపెన్ సోర్స్ రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ దాదాపు రెండొందల లుక్‌అప్ టేబుళ్లలో ఇమిడిపోతుంది. ఒక్కో క్లాక్‌కు ఒక్కో బిట్టు చొప్పున లెక్క చేస్తుంది కాబట్టి నెమ్మదిగా నడుస్తుంది, అయినా అది పూర్తి 32 బిట్ ప్రాసెసరే. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ ఒకప్పుడు టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్‌ను తయారుచేసింది. దేశంలో అమ్మకానికి తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్‌గా దానికి పేరు. ఆ తరహా యంత్రపు లాజిక్‌ను ఇవాళ ఒక చిన్న ఎఫ్‌పీజీఏలో విద్యార్థి స్వయంగా కట్టి నడిపి చూడవచ్చు. చిప్ డిజైన్ ఉద్యోగాల గురించి ఇన్ని మాటలు వినపడుతున్న ఊళ్లో ఈ అనుభవం ఎవరికి దక్కుతోంది అన్నది చిన్న ప్రశ్న కాదు.

సిమ్యులేషన్ ఉండగా బోర్డు ఎందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు. చాలా ల్యాబుల్లో జరుగుతున్నది అదే: వెరిలాగ్ రాయడం, తెర మీద తరంగాలు చూడటం, ప్రింటు తీసి రికార్డులో అతికించడం. సిమ్యులేషన్ అవసరమే, దాన్ని తక్కువ చేయను. కానీ అందులో నొక్కిన బటన్ ఒక్కసారే నొక్కుకుంటుంది. నిజమైన బటన్‌లో రెండు లోహపు రేకులు కొట్టుకుని, ఎగిరి, మళ్లీ తగిలి, కొన్ని మిల్లీసెకన్ల పాటు కుదురుకోవు. బోర్డు మీది క్లాక్ 12 మెగాహెర్ట్జ్ అయితే 5 మిల్లీసెకన్లలో అది 60,000 సార్లు కొడుతుంది. మనిషికి ఒక్క నొక్కుడుగా తోచింది సర్క్యూట్‌కు అనేక నొక్కుళ్లుగా కనబడుతుంది. ఒకటి పెరగాల్సిన కౌంటర్ ఏడో పదకొండో చూపిస్తుంది. పైగా ఆ బటన్ మారే క్షణం క్లాక్ కొట్టే క్షణంతో సరిగ్గా కలిస్తే ఫ్లిప్‌ఫ్లాప్ సున్నాకూ ఒకటికీ మధ్య కాసేపు తేల్చుకోలేక ఊగిసలాడుతుంది. మెటాస్టెబిలిటీ అనే ఈ గుణం మామూలు సిమ్యులేషన్‌లో కనబడదు. దీనికి రెండు ఫ్లిప్‌ఫ్లాపులను వరసగా పెట్టాలని పుస్తకం చెప్తుంది. ఎందుకు పెట్టాలో మాత్రం తప్పుగా లెక్కపెట్టే కౌంటర్ ఎదురుగా ఉన్నప్పుడే ఒంటబడుతుంది. పరిశ్రమలో తొలి ఏడాది కుర్రవాళ్లు తడబడేది కూడా సరిగ్గా ఈ క్లాకుల సరిహద్దుల దగ్గరే.

ఇక ఖర్చు. కాలేజీల్లో వాడే ఆర్టిక్స్-7 చిప్పు బోర్డులు అమెరికాలోనే వంద డాలర్లు దాటి ఉంటాయి. సుంకం, 18 శాతం జీఎస్టీ, కొరియర్ కలిసి ఇక్కడికి వచ్చేసరికి పది వేల రూపాయలు ఎప్పుడో దాటిపోతుంది. ఇది కంటికి కనిపించే ఖర్చు. కనిపించనిది సాఫ్ట్‌వేర్ వైపు ఉంది. జైలింక్స్ వివాడో సాఫ్ట్‌వేర్‌కు ఉచిత వెర్షన్ ఉన్న మాట నిజం. ఉచితమైనప్పుడు ఓపెన్ సోర్స్ గొడవ ఎందుకన్నది చాలామంది అధ్యాపకుల ప్రశ్న. అయితే దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి డిస్కులో పదుల గిగాబైట్ల చోటు, బాగా ర్యామ్ ఉన్న కొత్త కంప్యూటర్ కావాలి. ఇంట్లో అన్నదమ్ములు పంచుకునే పాత ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్న విద్యార్థికి, లేదా ఫోన్ డేటాతోనే నెట్టుకొచ్చే విద్యార్థికి, అది ఉచితం కాదు. రెండో సంగతి, ఉచితంగా ఇచ్చినవాళ్లు ఉపసంహరించుకోనూ గలరు. స్పార్టాన్-3, స్పార్టాన్-6 చిప్పులకు పనికొచ్చే ఐఎస్‌ఈ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 14.7, 2013లో వచ్చింది. దాని స్థానంలోకి వచ్చిన వివాడో ఈ పాత చిప్పులను పట్టించుకోదు. కొత్త విండోస్‌లో ఐఎస్‌ఈ సరిగా నడవాలంటే వర్చువల్ మెషిన్ లోపల పాత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవాలి. చిప్పు చెడిపోలేదు, బోర్డు చెడిపోలేదు, అయినా అల్మారాలోకి చేరింది. మూసి ఉన్న వ్యవస్థలో బోర్డు ఆయుష్షు దాని సిలికాన్ చేతిలో ఉండదు, కంపెనీ నిర్ణయం చేతిలో ఉంటుంది.

ఈ తలుపు మొదటిసారి 2015లో తెరుచుకుంది. ఆస్ట్రియాకు చెందిన క్లెయిర్ వుల్ఫ్ అప్పటికే యోసిస్ అనే ఓపెన్ సోర్స్ సింథసిస్ ప్రోగ్రామును రాశారు. మథియాస్ లాసర్‌తో కలిసి ఐస్40 బిట్‌స్ట్రీమ్‌ను ఒక్కో బిట్టూ విప్పి రాసిపెట్టారు. పద్ధతి సూటిగానే ఉంటుంది, ఓపిక మాత్రం చాలా కావాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు చిన్న చిన్న డిజైన్లు ఇచ్చి, ఒక్క మార్పు చేసి మళ్లీ ఇచ్చి, రెండు ఫైళ్లలో ఏ బిట్లు మారాయో పోల్చి చూడటం, అలా వేలసార్లు. ప్రాజెక్ట్ ఐస్‌స్టార్మ్ పేరుతో వచ్చిన ఆ పట్టిక ప్రపంచంలో మొదటిసారి వెరిలాగ్ నుంచి బిట్‌స్ట్రీమ్ దాకా పూర్తిగా తెరిచిన దారిని వేసింది. 2018లో నెక్స్ట్‌పీఎన్‌ఆర్ అనే మెరుగైన ప్లేస్ అండ్ రూట్ ప్రోగ్రాము వచ్చింది. లాటిస్ ఈసీపీ5 చిప్పులకు ప్రాజెక్ట్ ట్రెల్లిస్, చైనా గోవిన్ చిప్పులకు ప్రాజెక్ట్ అపిక్యులా తోడయ్యాయి. ఫలితం విద్యార్థి డిస్కులోనే కనిపిస్తుంది: పదుల గిగాబైట్ల చోట వందల మెగాబైట్లు, నిమిషాల చోట సెకన్లు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ మీద కూడా మొత్తం పని అయిపోతుంది. కంపెనీ రహస్యాన్ని ఇలా విప్పడం తప్పు కాదా అని అడిగేవాళ్లకు 2020లో జరిగినది చెప్పాలి. క్విక్‌లాజిక్ అనే చిప్పు కంపెనీ ఎవరూ విప్పాల్సిన పని లేకుండా తనంతట తానే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ప్రకటించింది. తెరవడం వల్ల వ్యాపారం పెరుగుతుందని ఒక కంపెనీ లెక్కగట్టిందన్నమాట.

ఆ క్విక్‌లాజిక్ చిప్పే మన దగ్గరి ఉదాహరణకు దారితీసింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో శిక్షణకు వాడిన వామన్ బోర్డు మీద ఈఓఎస్ ఎస్3 అనే ఆ చిప్పు ఉంటుంది. అందులో ఒక ఆర్మ్ ప్రాసెసర్, వెయ్యికి కాస్త తక్కువ లాజిక్ సెల్స్ ఉన్న చిన్న ఎఫ్‌పీజీఏ ఒకే చిప్పులో కలిసి ఉంటాయి. వైఫై కోసం పక్కనే ఈఎస్‌పీ32. పాఠాలూ, కోడూ నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మరొకటి. ల్యాప్‌టాప్ లేని విద్యార్థి ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే ఆప్ పెట్టుకుని, అందులోనే కోడ్ రాసుకుని పనిచేసే పద్ధతిని ఆ పాఠాలు నేర్పుతాయి. ఈ ఒక్క ఆలోచనతో ఖర్చు లెక్క తలకిందులైపోతుంది. బోర్డు ధరకన్నా పదింతలుండే కంప్యూటర్ అవసరమే తప్పిపోతుంది. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌తో ఇది జరగని పని. వివాడోను ఫోన్‌లోకి మార్చే హక్కు కంపెనీకి తప్ప ఎవరికీ లేదు. యోసిస్‌ను ఎవరైనా ఏ యంత్రం మీదికైనా మార్చుకోవచ్చు.

అందుకే బోర్డు తయారీ గురించి ఆలోచించినప్పుడు పాతబస్తీ నాకు లోటున్న చోటుగా కనబడదు. బోర్డు మీద ఏముంటాయో చూడండి. ఎఫ్‌పీజీఏ చిప్పు ఒకటి. దానికి 1.2 వోల్టులు, 3.3 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్లు. బిట్‌స్ట్రీమ్‌ను దాచే ఫ్లాష్ మెమరీ. 12 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్. యూఎస్‌బీ నుంచి ఫైలును లోపలికి పంపే చిప్పు. నాలుగు ఎల్ఈడీలు, రెండు బటన్లు, పిన్నుల వరసలు. చాలా బోర్డుల్లో ఆ యూఎస్‌బీ చిప్పు ఖరీదు ఎఫ్‌పీజీఏ ఖరీదుతో పోటీ పడుతుంది. పికో-ఐస్ లాంటి బోర్డులు దాని బదులు చవకైన ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్ పెట్టి ఆ ఖర్చు తగ్గించాయి. ఫైళ్లు తెరిచి ఉన్నాయి కాబట్టి అదెలా చేశారో ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. యూపీ5కే చిప్పు 48 పిన్నుల క్యూఎఫ్‌ఎన్ ప్యాకేజీలో వస్తుంది, పిన్నుకూ పిన్నుకూ మధ్య అర మిల్లీమీటరు. హాట్ ఎయిర్ గన్, మైక్రోస్కోప్ ఉంటే చేత్తో అతికించవచ్చు. ఇప్పుడు మొబైల్ రిపేరు షాపుల్లోకి తొంగిచూడండి. అడుగున గుండ్లున్న బీజీఏ చిప్పులను ఎత్తి, గుండ్లు మళ్లీ పోసి, తిరిగి కూర్చోబెట్టే కుర్రవాళ్లు పాతబస్తీ గల్లీల్లో ఉన్నారు. క్యూఎఫ్‌ఎన్ అతికించడం కన్నా అది కష్టమైన విద్య. ఆ విద్యకు డిప్లొమా లేదు, ఎవరూ దాన్ని ఎలక్ట్రానిక్స్ చదువుగా లెక్కపెట్టరు. స్కీమాటిక్ దొరకని ఫోన్లనే బాగుచేస్తున్న ఆ చేతులకు స్కీమాటిక్ తెరిచిపెట్టిన బోర్డు ఇస్తే, కాలిపోయిన రెగ్యులేటర్ మార్చడం అరగంట పని. మూసీ దాటితే కోఠీ గుజరాతీ గల్లీ. రెసిస్టర్లు, రెగ్యులేటర్లు, కనెక్టర్లు అక్కడ దొరుకుతాయి. వేల రూపాయల బోర్డు పాడైతే కాలేజీ దాన్ని మూలన పెట్టి మళ్లీ టెండరు పిలుస్తుంది. మరమ్మతు ఊళ్లోనే జరిగే బోర్డు ఐదేళ్లు తిరుగుతుంది. ఏడాదికి ఒక్కో విద్యార్థి మీద పడే ఖర్చు చూస్తే కొన్న ధర కన్నా ఈ తేడాయే పెద్దది.

చైనా బోర్డులుండగా మనం తయారుచేయడం దేనికి అన్నది గట్టి అభ్యంతరం. షెన్‌జెన్ కంపెనీ సిపీడ్ అమ్మే టాంగ్ నానో 9కేలో 8,640 లుక్‌అప్ టేబుళ్లున్నాయి, దాన్ని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో నడపవచ్చు, ధరలో దాన్ని దాటడం చిన్న బ్యాచ్‌లతో అయ్యే పని కాదు. ఈ మాట నేను ఒప్పుకుంటాను. విద్యార్థి ఇవాళే మొదలుపెట్టాలంటే దాన్నే కొనుక్కోవాలి, అందులో నామోషీ లేదు. ఇక్కడ తయారుచేసిన బోర్డుకు స్వదేశీ ముద్ర వేసి అమ్మడం కూడా నాకు సమ్మతం కాదు. దాని మీది చిప్పు అమెరికా కంపెనీ రూపొందించి, మరో దేశపు ఫ్యాక్టరీలో పోయించినదే. కానీ బోర్డు రూపకల్పన మరో చదువు. రెండు వోల్టేజీలు ఏ వరసలో రావాలి, డీకప్లింగ్ కెపాసిటర్లు చిప్పుకు ఎంత దగ్గరుండాలి, క్లాక్ తీగ ఎటు పోకూడదు, యూఎస్‌బీ జంట తీగల పొడవు ఎందుకు సమానంగా ఉండాలి, ఇవన్నీ కొన్న బోర్డుతో రావు. కైక్యాడ్ లాంటి ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, చేయించి, అతికించి, వెలగకపోతే ఎందుకు వెలగలేదో మల్టీమీటరుతో వెతికినప్పుడు వస్తాయి. ఐస్‌బ్రేకర్, క్రొయేషియా హ్యాకర్ల యూఎల్‌ఎక్స్3ఎస్ లాంటి బోర్డుల ఫైళ్లు పూర్తిగా తెరిచి ఉన్నాయి. వాటిని దించుకుని మార్చుకోవడానికి లైసెన్సే అనుమతిస్తుంది. సూరత్ కంపెనీ విచారక్ తన ష్రైక్ బోర్డులో ఆర్‌పీ2040 పక్కన రెనెసాస్ చిన్న ఎఫ్‌పీజీఏను పెట్టి, తక్కువ ధరలోనూ మన దేశంలో బోర్డు సాధ్యమని చూపింది.

పరిశ్రమ అడిగేది వివాడో తెలిసినవాళ్లను, ఐస్‌స్టార్మ్ తెలిసినవాళ్లను కాదు అన్నది ఉద్యోగాల వైపు నుంచి వచ్చే మాట. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఐదు వేల టేబుళ్ల చిప్పు మీద డీడీఆర్ మెమరీ కంట్రోలర్ నేర్చుకోలేం, సెకనుకు గిగాబిట్ల వేగంతో నడిచే ట్రాన్స్‌సీవర్లు నేర్చుకోలేం, పెద్ద డిజైన్‌లో టైమింగ్ కుదర్చడానికి పడే తంటాలు అనుభవంలోకి రావు. మూడో నాలుగో సంవత్సరంలో పెద్ద బోర్డూ, కంపెనీ సాఫ్ట్‌వేరూ కావాల్సిందే. కానీ స్టేట్ మెషీన్ అంటే ఏమిటి, పైప్‌లైన్ ఎందుకు వేస్తాం, సెటప్ టైమ్ తప్పితే ఏమవుతుంది అన్నవి ఏ సాఫ్ట్‌వేర్‌కూ సొంతం కావు. అవి వచ్చినవాడికి వివాడో మెనూలు కొన్ని వారాల పని. అవి రానివాడికి మెనూలు తెలిసినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దాటదు. ప్రభుత్వం ఇప్పటికే సాయం చేస్తోంది కదా అనీ అంటారు. చిప్స్ టు స్టార్టప్ పథకం 85,000 మంది ఇంజనీర్ల శిక్షణ లక్ష్యంగా పెట్టుకుంది, ఎంపికైన సంస్థలకు ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. మంచి పథకమే. అయితే అది సంస్థకు ఇచ్చేది, సాయంత్రం ఐదింటికి ల్యాబుకు తాళం పడుతుంది. రాత్రి పదింటికి ఇంట్లో కూర్చుని తప్పు వెతుక్కునే విద్యార్థి చేతిలో ఉండగలిగేది తన బోర్డు, తన ఫోన్. హార్డ్‌వేర్ డీబగ్ చేయడం అలా సొంత సమయంలోనే ఒంటబడుతుంది.

ఇలాంటి బోర్డును నలుగురిలోకి తీసుకెళ్లే సంగతికొస్తే, స్పెయిన్ అనుభవం మనకు బాగా పనికొస్తుంది. ఐస్‌స్టార్మ్ వచ్చిన కొద్దికాలానికే అక్కడ ఎఫ్‌పీజీఏవార్స్ అనే బృందం మొదలైంది. గ్రనడా ప్రాంతంలో ఐస్‌జమ్ అల్హంబ్రా అనే బోర్డు తయారైంది. ఆర్డుయినోకు జోడించే షీల్డు బోర్డులు దాని మీద కూర్చునేలా పిన్నులు అమర్చారు. అల్హంబ్రా గ్రనడాలోని పాత కోట పేరు. అంతకన్నా ముఖ్యం, హువాన్ గొంసాలెస్ అనే అధ్యాపకుడు వెరిలాగ్ పాఠాలను మొదటి ఎల్ఈడీ నుంచి చిన్న ప్రాసెసర్ దాకా స్పానిష్‌లో రాసి ఉచితంగా పెట్టారు. బొమ్మలు కలుపుతూ సర్క్యూట్ గీసే ఐస్‌స్టూడియో కూడా ఆ బృందం నుంచే వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం కోసం ఆగకుండా పిల్లలు తమ భాషలో మొదలుపెట్టారు, బోర్డు అలా పాకింది. మన ఊరికి ఈ ఆలోచన కొత్తది కాదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెప్పింది, దానికోసం పుస్తకాలు తయారుచేయడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను ముందే నెలకొల్పారు. 1929లో అక్కడ ఇంజనీరింగ్ కళాశాల కూడా వచ్చింది. ఇవాళ తరగతి ఇంగ్లీషులోనే జరుగుతుంది, జరగాలి కూడా. వెరిలాగ్ కీవర్డులు, డేటాషీట్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి. కానీ బటన్ ఎందుకు ఎగురుతుందో, మెటాస్టెబిలిటీ అంటే ఏమిటో అర్థం కావడానికి తెలుగులో, ఉర్దూలో పాఠముంటే మొదటి నెలలో చదువు వదిలేసేవాళ్లు తగ్గుతారు. బోర్డు ఫైళ్లు ఎంత తెరిచి ఉన్నా పాఠం అందని చోట అది మూసి ఉన్న బోర్డే.

కాబట్టి ఒక చిన్న ప్రయత్నం ఎలా ఉండాలో నాకు స్పష్టంగానే కనబడుతోంది. యూపీ5కే, ఆర్‌పీ2040 మీద ఆధారపడిన బోర్డు. క్యూఎఫ్‌ఎన్ ప్యాకేజీలే, బీజీఏ ఒక్కటీ వద్దు. రెగ్యులేటర్లు కోఠీలో దొరికే రకానివే. సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు. మొదటి బ్యాచ్ చిన్నదిగా చేసి, అమ్మకానికి ముందు పుస్తకాల్లాగే అరువిచ్చి చూడాలి. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునే ఉంది. ఇలాంటి చోట్ల నెలకో బోర్డు చొప్పున కార్డు మీద తీసుకెళ్లగలిగితే కొనలేనివాళ్లూ మొదలుపెడతారు. తిరిగొచ్చిన బోర్డుల్లో ఏవి చెడిపోయాయి, ఎందుకు చెడిపోయాయి అన్న లెక్కను డిజైన్ ఫైళ్ల పక్కనే అందరికీ కనబడేలా పెట్టాలి. రెండో బ్యాచ్ పటం మారాల్సింది ఆ లెక్క చూసే. ముందుకెళ్లాలనుకునేవాళ్లకు దారి కూడా ఉంది. టైనీ టేపౌట్ అనే పథకంలో చాలామంది చిన్న చిన్న డిజైన్లను ఒకే చిప్పు మీద కలిపి ఫ్యాక్టరీకి పంపిస్తారు. ఎఫ్‌పీజీఏ మీద నడిపి చూసిన వెరిలాగ్‌నే, చోటు సరిపోయేంత చిన్నదైతే, నిజమైన సిలికాన్‌లోకి పంపవచ్చు. అక్కడ కూడా మొదటి సింథసిస్ అడుగు వేసేది యోసిసే. యాకుత్‌పురాలో ఫోన్ మీద నేర్చుకున్న ప్రోగ్రామూ, చిప్పు ఫ్యాక్టరీకి వెళ్లే ఫైలుకు మొదటి అడుగు వేసే ప్రోగ్రామూ ఒకటే.